తడిగాలి పరీక్ష

ఫర్నేసు మీటరు ఐదువందల ఇరవై చూపిస్తోంది. రెండువందలకు దిగేదాకా తలుపు తాళం ఊడదు, ఎవరు ఎంత మొత్తుకున్నా ఊడదు, దాన్ని అలాగే కట్టారు, అంటే ఇంకా గంట, నిమిషానికి ఐదో ఆరో డిగ్రీల చొప్పున ఒక గంట, వంద గంటలు ఆగినదానివి ఇంకొక్క గంట ఆగలేవా అని తనకి తనే చెప్పుకుని ఆమె ఇనప స్టూలు మీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది, తీసి బల్ల మీద పెట్టింది, మళ్ళీ ఒళ్ళోకి తెచ్చుకుంది. ఆదివారం మధ్యాహ్నం. ల్యాబులో ఇంకెవరూ లేరు. కిటికీ అద్దం మీద ఎండ పడి, ఎప్పుడో ఎవరో తుడిచిన గుడ్డ గీతలు సున్నాలు సున్నాలుగా కనిపిస్తున్నాయి. ఫర్నేసు లోపల అరచేతిలో సగం ఉండే పలక ఒకటి ఉంది. ఇనుము మెత్తబడి వంగిపోయే వేడికి కూడా లొంగని పింగాణీ అది, సన్నటి పోగులు అల్లి, ఆ అల్లిక సందుల్లో అదే పదార్థం నింపి చేసింది, దాని మీద వెంట్రుక మందాన తెల్లని పూత. ఆ పూత నిలిచిందా, ఊడిందా. తెలియాల్సింది అంతే. ఊడితే తప్పు తనది. నిలిస్తే తప్పు బాబాయిది. అలా అనుకోగానే ఆమెకి తన మీద తనకి రోత పుట్టింది, ఎందుకంటే ఇందాకటి నుంచి, అసలు నిన్నటి నుంచి, ఈ ఐదు రోజుల నుంచి తన లోపల ఒకటే మాట ఎవరో పళ్ళు బిగించుకుని గొణుగుతున్నట్టు తిరుగుతోంది, నిలవాలి, నిలవాలి, నిలవాలి అని. అంటే ఏమిటి అర్థం. చావుబతుకుల్లో ఉన్న మనిషిదే తప్పు కావాలని మొక్కుకుంటోంది తను.

బాబాయి అంటే ఆమెకి సొంత బాబాయి ఏమీ కాదు. బర్నరు షెడ్డులో అందరికీ ఆయన బాబాయే, కొత్తగా చేరినవాళ్ళకీ, క్యాంటీను మనిషికీ, ఒక్కోసారి నోరు జారి ల్యాబు నడిపే పెద్దాయనక్కూడా. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన పని మంట వెలిగించడం, మంట ఆర్పడం. ఇంజను లోపల ఎలాంటి మంట ఉంటుందో అలాంటి మంటని షెడ్డులో ఒక ఉక్కు గొట్టంలో పుట్టిస్తారు, ఆ గొట్టం లోపలి గోడకి ఈ పింగాణీ పలకలు తొడుగుతారు, అవి ఎన్నాళ్ళు తట్టుకుంటాయో చూస్తారు. ఈమెకి నలభై మూడేళ్ళొచ్చినా ఇక్కడ అందరూ అమ్మాయి అంటారంటే ఆ పేరు పెట్టిందీ ఆయనే, చేరిన మొదటి రోజు, షెడ్డు గుమ్మం దగ్గర, ఏయ్ అమ్మాయ్, ఆ పసుపు గీత దాటావంటే కనుబొమలు ఇక్కడే వదిలిపెట్టి పోతావు, అని. తన కనుబొమలు చూపించి నవ్వాడు. ఎడమదాని చివర నిజంగానే లేదు. ఇప్పుడు ఆ మొహం ఎలా ఉందో, వద్దు, మూడో రోజు చూసింది చాలు, గుడ్డ కట్టని వైపు ఒక కన్నూ ముక్కులో గొట్టమూ, చేతులు రెండూ చుట్టచుట్టిన పరుపుల్లా, ఆ గుడ్డలోంచి పసుపు పచ్చటి నీరు. నర్సు వచ్చి, మీరు కూతురా అంది. పిన్ని, అంటే బాబాయి భార్య, ఆఁ కూతురి లాంటిదే, అంది.

నాలుగువందల అరవై. తొమ్మిది రోజుల కింద పొద్దున పదింటికి షెడ్డులో ఇలాంటి పలకే ఒకటి పగిలింది. పగిలిన సందులోంచి మంట వెళ్ళి ఉక్కు గొట్టాన్ని తాకింది, ఉక్కు ఎంతసేపు ఆగుతుంది, ఎర్రబడి, తెల్లబడి, చిల్లు పడింది, ఆ చిల్లులోంచి మంట నాలుక పక్కకి చాచింది. ఉన్న నలుగురూ బయటికి పరిగెత్తారు. బాబాయి కూడా పరిగెత్తి ఉంటే ఇవాళ ఆదివారం ఇంట్లో కూర్చుని రేడియో విప్పి ముక్కలు ముందేసుకునేవాడు. ఆయన ఇంధనం వాల్వు వైపు వెళ్ళాడు. దూరం నుంచి మూసే మీట పనిచేయలేదో, దాని దాకా చెయ్యి వెళ్ళలేదో, చేత్తోనే తిప్పి మూశాడు. మూయకపోతే షెడ్డు మొత్తం లేచిపోయేది అన్నారు అగ్నిమాపకం వాళ్ళు. దాన్ని ఎంక్వయిరీ కాగితం మీద మాత్రం ఎవరూ రాయలేదు, దాని మీద రాసింది వేరు, మంట నడిపే వ్యక్తి ఇంధనాన్ని నిర్ణీత వేగం కంటే తొందరగా పెంచినందువల్ల పలక మీద ఒక్కసారిగా వేడి పడి ఉండవచ్చును. ఉండవచ్చును. ఇంకా చిత్తుప్రతే, రేపు పొద్దున తొమ్మిదింటికి కమిటీ కూర్చుంటే అది ఖాయమవుతుంది. పెద్దాయన ఆ కాగితం ఆమెకి చూపించి, కొండని తవ్వి ఎలకని పట్టడం ఎందుకమ్మా, పగిలిన పలక పొడి పొడి అయిపోయింది, చూడటానికి కూడా ఏమీ మిగల్లేదు, ఆయనకి రావాల్సినవన్నీ నేను దగ్గరుండి ఇప్పిస్తాను, అన్నాడు. చెడ్డవాడు కాదు పెద్దాయన. అదే చిక్కు. చెడ్డవాడైతే ఎంత బాగుండేది, అంతా తీసుకెళ్ళి ఆయన నెత్తిన పెట్టేసేది.

పగిలిన పలక పొడి అయింది నిజమే. కానీ అదే బ్యాచ్‌లో, అదే రోజు, అదే పూత పూసిన ముక్క ఒకటి ఆమె అలమరలో మిగిలింది, అట్టపెట్టెలో, దూదిలో. ప్రమాదం జరిగిన రోజే గుర్తొచ్చింది దాని సంగతి. నాలుగు రోజులు ఆ అలమర తలుపు తీయలేదు. ఐదో రోజు తీసింది.

తీసి తడిగాలిలో పెట్టింది. ఎనిమిది నెలల కింద చేయాల్సిన పని. ఈ పింగాణీ సంగతేమిటంటే పొడిగాలిలో ఎంత కాల్చినా దాన్ని అదే కాపాడుకుంటుంది, ఒంటి మీద సన్నటి గాజు పొర ఒకటి కట్టుకుంటుంది, దెబ్బ తగిలిన చోట పక్కు కట్టినట్టు, ఆ పొరే దానికి కవచం. నీటి ఆవిరి తగిలిందంటే ఆ కవచమే దానికి శత్రువవుతుంది, గాజు ఆవిరితో కలిసి గాలైపోతుంది, మళ్ళీ కడుతుంది, మళ్ళీ పోతుంది, అలా తనని తనే అరగదీసుకుంటుంది. అందుకే పై పూత. ఆ పూత ఆవిరిని ఆపుతుంది, చాలావరకు ఆపుతుంది, ఆ చాలావరకు అన్న మాట దగ్గరే ఉంది అంతా. కొంచెం కొంచెం దిగిన ఆవిరి పూత కిందే గాజుని పెంచుతుంది. వేడిగా ఉన్నంతసేపూ ఏమీ తెలియదు. చల్లారేటప్పుడు, రెండొందల యాభైకీ రెండొందలకీ మధ్య, ఆ గాజు ఒక్కసారిగా ముడుచుకుంటుంది, పూత ముడుచుకోదు, రెండూ విడిపోతాయి. ఇవన్నీ ఆమెకి కొత్త కాదు, పదిహేడేళ్ళుగా తెలుసు, పైగా పరీక్ష పెట్టుకునేవాళ్ళకి పాఠం చెప్పినట్టు చెప్పింది కూడా. ఎనిమిది నెలల కింద ఆవిరి పంపే చిన్న బాయిలరు చెడిపోయింది. కొత్త కాయిలు రావాలంటే మూడు వారాలు. చూడ్డానికి వచ్చే పెద్దలకి తేదీ ఇచ్చేశారు. పెద్దాయన అన్నాడు, పొడిగాలిలో కానిచ్చేద్దాం అమ్మా, తడిది తర్వాత చూసుకోవచ్చు, రిపోర్టులో ఏం రాస్తాం, పదమూడొందల డిగ్రీలు, వంద గంటలు, కోటింగు చెక్కుచెదరలేదు, ఇందులో అబద్ధం ఎక్కడుంది? ఎక్కడా లేదండీ, అంది. లేదు కూడా. పొడిగాలి అని రాయలేదు, తడిగాలి అని రాయలేదు, ఊరికే గాలి అని రాసింది.

అంతవరకే అయితే నిద్ర పట్టేదేమో. రిపోర్టు సంతకాలయిన మర్నాడు బాబాయి ల్యాబుకి వచ్చాడు. ల్యాబు గచ్చు మీద మసి అడుగులు పడతాయని గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి, చేతులు వెనక్కి కట్టుకుని, ఏ వస్తువూ తగలకుండా, పెళ్ళివారింట్లో నడిచినట్టు నడిచి వచ్చి, ఆమె బల్ల ముందు నిలబడ్డాడు. చదువు పదో తరగతి దగ్గర ఆగింది ఆయనకి. మంట అంటేనే నీళ్ళు అమ్మాయ్, అనేవాడు, ఆర్పిన తర్వాత గొట్టంలో చెయ్యి పెడితే తడి, ఏ మంటయినా సరే చెమట పట్టకుండా మండదు. ఆ రోజు అడిగింది ఒకటే ముక్క. తడిగాలిలో పెట్టి చూశావా అమ్మాయ్? పక్కన పెద్దాయన ఎవరితోనో ఫోన్లో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఆమె చేతిలో టీ గ్లాసు ఉంది. చూశాను బాబాయ్, అంది. అంతే. ఆలోచించి అన్న మాట కాదు, ఎవరైనా బాగున్నావా అంటే బాగున్నాను అన్నట్టు వచ్చింది. అయితే సరే, అన్నాడు ఆయన, తల ఊపి, మళ్ళీ ఆ చేతులు వెనక్కి కట్టుకునే వెళ్ళిపోయాడు. గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటుంటే ఒక చెప్పు తిరగబడింది, దాన్ని బొటనవేలితో సరిచేసుకున్నాడు. అదెందుకు గుర్తుండాలి.

నాలుగువందలు. ఏడు నెలలు, ఒక్క పూట కాదు, ఏడు నెలలు ఉంది టైము. మూడు వారాలన్న కాయిలు నాలుగో వారానికి వచ్చింది, బాయిలరు బాగయింది, వచ్చే వారం పెడదాం అనుకుంది, ఆ వారం వేరే పని తగిలింది, తర్వాత వారం జ్వరం. ఈలోపు షెడ్డులో పలక బాగానే నడుస్తోంది, వెలిగించడం, ఆర్పడం, వెలిగించడం, ఆర్పడం, నూరుసార్లు దాటింది, అందరూ చప్పట్లు కొట్టారు, ఇంక పరీక్ష ఎందుకు, పెడితే ఎందుకు పెట్టావని అడుగుతారు, అడిగితే ముందు పెట్టలేదని తెలుస్తుంది. అలా రోజులు గడిచేకొద్దీ ఆ చిన్న పని పెద్దదై పెద్దదై, చివరికి దాని వైపు చూడ్డానికే భయమేసే సైజుకి వచ్చింది. రోజూ షెడ్డు ముందు నుంచే క్యాంటీనుకి వెళ్ళేది. రోజూ బాబాయి చెయ్యెత్తేవాడు. తనూ ఎత్తేది.

నాన్న అయితే వెనక్కి వెళ్ళేవాడు. ఎందుకొస్తాడు నాన్న ఇప్పుడు, పోయి పద్దెనిమిదేళ్ళయింది, అయినా వస్తున్నాడు ఈ తొమ్మిది రోజులుగా, బొగ్గు సంచి భుజాన వేసుకుని. కళాయి పోసేవాడు నాన్న, వీధి వీధీ తిరిగి, రాగి గిన్నెలకీ ఇత్తడి గిన్నెలకీ లోపల తగరం పూత. ఆమెకి తొమ్మిదేళ్ళప్పుడు బడి సెలవుల్లో వెంట తీసుకెళ్ళాడు, తిత్తి కొట్టే పని ఆమెది. ఒక ఇంట్లో పెద్ద గుండిగ ఒకటి కళాయి పోసి ఇచ్చి, ఎండలో నాలుగు మైళ్ళు నడిచి దాదాపు ఇంటి దాకా వచ్చేశారు, వీధి మలుపులో నాన్న ఆగిపోయాడు. అంచు కింద తిరగేసి చూశానా నేను? అని ఆమెని అడిగాడు, ఆమెకేం తెలుసు. చూశావు నాన్నా, అంది, ఆకలి దంచేస్తోంది మరి. నాన్న ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసి, వెనక్కి తిరిగి నడవడం మొదలుపెట్టాడు. వెళ్ళేసరికి ఆ గుండిగలో ఇంటిల్లిపాదికీ వంట ఉడుకుతోంది. రాగి తగిలిన వంట విషమని అదంతా పారబోయించాడు. ఇంటావిడ తిట్టిన తిట్లు, వీధిలో వాళ్ళు నవ్విన నవ్వులు, చిన్నపిల్లగా ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. తిరగేస్తే అంచు కింద బొటనవేలంత మేర ఎర్రగా రాగి. బొటనవేలంతే. దానికోసమా, అనుకుంది అప్పుడు, మా నాన్న వట్టి వెర్రిబాగులవాడు అనుకుంది. కూతుర్ని కొట్టలేదు, తిట్టలేదు, దారంతా ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది. ఆ చూశావు నాన్నాకీ, ఈ చూశాను బాబాయ్‌కీ మధ్య ముప్ఫై మూడేళ్ళు. ఏం నేర్చుకున్నట్టు. చదువుకుంది, పట్టా మీద పట్టా తెచ్చుకుంది, పూతల మీద నలుగురికి చెప్పేంతదయింది, అబద్ధం మాత్రం అక్కడే, తొమ్మిదేళ్ళ దగ్గరే ఆగింది, ఆకలికి చెప్పిన పిల్ల అబద్ధానికి కనీసం ఆకలన్నా ఉంది.

మూడువందల ముప్ఫై. దాహంగా ఉంది, లేవాలనిపించలేదు. ఇంట్లో అక్క కుట్టు మిషను మీద కూర్చుని ఉంటుంది, భోజనానికి వస్తావా రావా అని పొద్దున అడిగితే జవాబు చెప్పకుండా వచ్చేసింది. అక్కకి నిన్న సగం చెప్పింది, సగమే. చేసిన పాపం చెబితే పోతుందంటారే, అంది అక్క, దారం పళ్ళతో తెంపుతూ, వెళ్ళి చెప్పేసి రా. అక్కకి అంతా అంత తేలిక, చెప్పడం, వచ్చేయడం, దారం తెంపినట్టు. ఎవరికి చెప్పాలి. కమిటీలో ముగ్గురున్నారు, వాళ్ళకి చెప్పడం కష్టం కాదు, ఉద్యోగం పోతుంది, పోనీ. చెప్పాల్సింది ఆయనకి. మూడో రోజు మంచం పక్కన నిలబడ్డప్పుడు ఆయన అడిగాడు కూడా, ఆ గొట్టాల మధ్య నుంచి, గొంతు కాలిపోయి గాలీ మాటా కలిసి వస్తుంటే. నేనెక్కడ తప్పు చేశానమ్మాయ్? నువ్వు చదువుకున్నదానివి కదా, చెప్పు. ఇంధనం పెంచేటప్పుడు మెట్టుమెట్టుకీ పది లెక్కపెట్టి తిప్పుతాను ఎప్పుడూ. ఆ రోజూ పది లెక్కపెట్టాననే గుర్తు. ఆమె ఏమంది. మీరు పడుకోండి బాబాయ్, అంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు మంట ముందు నిలబడ్డ మనిషి తన చేతుల మీద తనే అనుమానం పడుతూ ఆ మంచం మీద కాలుతున్నాడు, ఒకసారి కాలింది చాలక. అప్పుడే చెప్పచ్చు కదా. అప్పుడు రుజువు లేదు, రుజువు లేకుండా ఏమని చెప్పను, పలక తడిగాలికి పోయిందో వేరే కారణమో, ఖాయంగా తెలియకుండా చావుబతుకుల మనిషికి ఏం చెబుతాను. ఎంత బాగుంది సాకు. తడిగాలిలో పెట్టలేదు బాబాయ్, చూశానని అబద్ధం చెప్పాను, అన్న ముక్కకి రుజువెందుకు. దానికి ఏ ఫర్నేసు కావాలి. ఈ ఐదు రోజులూ తను చేసింది పరీక్ష కాదు, వాయిదా. తెలిసే చేసింది.

రెండువందల డెబ్భై. పలకకి ఆనించిన కడ్డీ ఒకటి ఫర్నేసు వెనక నుంచి బయటికి వస్తుంది, దాని చివర చిన్న మైకు. లోపల పలక ఎక్కడ చిట్లినా స్పీకరులో టిక్కుమంటుంది, తెర మీద గీత లేస్తుంది. ఇప్పటిదాకా గీత నేలమట్టంగా ఉంది. రెండొందల అరవై. ఆమె స్టూలు తెర దగ్గరికి జరుపుకుంది. నిలవాలి. మళ్ళీ అదే. ఛీ. రెండొందల యాభై రెండు. బయట ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు, అది అందుకోవడం లేదు, మళ్ళీ మళ్ళీ తంతున్నారు. రెండొందల నలభై ఐదు. ఏమీ లేదు. నలభై ఒకటి. ఏమీ లేదు, ఏమీ లేదు, నిలిచిందేమో, నిజంగానే నిలిచిందేమో, అప్పుడు బాబాయి పదికి కాకుండా ఎనిమిదికో తొమ్మిదికో తిప్పి ఉంటాడు, వయసు అరవై దగ్గరికొస్తోంది, చెయ్యి తొందరపడటం పెద్ద వింతేమీ కాదు, అని ఆమె మనసు అప్పుడే పరిగెత్తి అక్కడ పీట వేసుకుని కూర్చుంది, ఎంత తొందర దానికి.

టిక్.

ఒకటే. గీత కాస్త లేచి పడింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు, చాలాసేపు అంటే మూడు డిగ్రీలు. తర్వాత రెండు. తర్వాత రేకుల కప్పు మీద వాన మొదలైనట్టు ఒకటీ, నాలుగూ, పదీ, లెక్కపెట్టడానికి లేదు, స్పీకరు చిటపటమని ఒకటే మోత, తెర నిండా గీతలు గడ్డి మొలిచినట్టు లేచాయి. ఆమె చెయ్యి చాపి స్పీకరు కట్టేసింది. గీతలు చప్పుడు లేకుండా లేస్తూనే ఉన్నాయి. అప్పుడు ఆమెకి ఏడుపు రాలేదు. పరీక్ష ఫలితం ముందే తెలిసిన పిల్లలా ఉంది, ఒళ్ళంతా ఖాళీ. రెండువందల పది. రెండువందల మూడు. రెండువందలు. తాళం ఖటక్కుమని ఊడింది.

పటకారుతో తీసి బల్ల మీద గుల్ల ఇటుక మీద పెట్టింది. మొదట ఏమీ అయినట్టు లేదు. పూత తెల్లగా, నున్నగా, ఒక్క గీతయినా లేకుండా ఉంది, ఇంత అందమైన పూత తను ఎప్పుడూ చూడలేదనిపించేంత బాగా ఉంది. పటకారు కొనతో అంచుని తాకింది. పూత మొత్తం ఒకే రేకుగా లేచి పక్కకి జారింది, ఇటుక మీదకి. అది చెక్కుచెదరలేదు, రిపోర్టులో రాసినట్టే. పట్టుకోవాల్సిన దాన్ని వదిలేసింది, అంతే. కింద పలక బూడిద రంగులో, అంచుల దగ్గర పోగులు బయటపడి, పెళుసుగా. వేలితో కాదు, పటకారు బరువుకే ఒక మూల విరిగింది. షెడ్డులో జరిగిందీ ఇదే, ముందు రోజు సాయంత్రం మంట ఆర్పాక, చల్లారుతూ, ఎవరూ లేని షెడ్డులో, ఇలాగే టిక్ టిక్‌మని విడిపోయి ఉంటుంది. పొద్దున్నే బాబాయి వచ్చి పది లెక్కపెట్టాడు. పదే లెక్కపెట్టాడు.

చేతులు కడుక్కోకుండానే ఫోను తీసింది. ఎక్కువ ఆలోచిస్తే మళ్ళీ వాయిదా పడుతుందని తెలుసు.

"పిన్నీ, నేను."

"చెప్పమ్మా. ఇప్పుడే కాస్త కళ్ళు తెరిచారు. డాక్టరు వచ్చి వెళ్ళాడు."

"ఏమన్నారు?"

"ఏమంటాడు. కిడ్నీలు కూడా ఆగిపోతున్నాయట. రెండు రోజులో మూడు రోజులో అన్నాడు. ఆయనకి వినపడేట్టే అన్నాడు, బుద్ధి లేని మనిషి."

ఆమె చెప్పింది. బాయిలరు చెడిపోయిన దగ్గర నుంచి మొదలుపెట్టి, బాబాయి వచ్చి అడగడం, తను చూశాననడం, ఏడు నెలలు, ఇప్పుడు బల్ల మీద ఉన్న రేకు, అంతా. చెబుతూ ఉంటే ఒక తేలికదనం లాంటిది రావాలి కదా, అది రాలేదు, ఎవరి కథో చదివి వినిపిస్తున్నట్టు సాఫీగా వచ్చాయి మాటలు. అవతల బండి ఏదో వార్డులోంచి దొర్లుకుంటూ వెళ్ళిన చప్పుడు. తర్వాత ఒక తలుపు, పిన్ని వరండాలోకి వచ్చినట్టుంది.

"ఆయన అడిగితే చూశానన్నావు."

"అవును పిన్నీ."

"చూడలేదు."

"లేదు."

"ఇప్పుడు ఆయనకి చెప్తానంటావు."

"చెప్పాలి పిన్నీ. తప్పు ఆయనది కాదని తెలియాలి కదా. పొద్దస్తమానం అదే ఆలోచిస్తున్నారు."

పిన్ని గొంతు పెంచలేదు. బడిలో ముప్ఫై ఏళ్ళు లైబ్రరీ చూసిన మనిషి, ఆవిడ గొంతు పెరగడం ఎవరూ వినలేదు. "ఆలోచించి ఆలోచించి సర్దుకున్నారమ్మా. నా చెయ్యే జారి ఉంటుందిలే అన్నారు మొన్న. మనిషి తన తప్పుతో ఎలాగోలా సర్దుకుంటాడు. పొద్దున ఏమన్నారో తెలుసా? పోనీలే, ఇంకెవరి వల్లో అయ్యుంటే వాళ్ళు బతికున్నన్నాళ్ళూ ఏడవాల్సి వచ్చేది, నాదే అయింది, నాతో పోతుంది, అన్నారు. నిన్ను దృష్టిలో పెట్టుకుని అన్నారో, ఊరికే అన్నారో నాకు తెలీదు. ఇప్పుడు నువ్వొచ్చి నీ బరువు దింపుకుంటావు. మోయాల్సింది ఎవరు? రెండు రోజులున్న మనిషి. కూతురి లాంటిదని వార్డంతా చెప్పుకున్న మనిషి."

"పిన్నీ..."

"రేపు కమిటీలో చెప్పు. అక్కడ చెప్పకపోతే నేనొచ్చి చెప్తాను. కాగితం మీద ఆయన తప్పని ఉంటే ఊరుకోను. ఇక్కడ మాత్రం వద్దు. ఇక్కడికి రావద్దు."

అంతలో లోపలి నుంచి ఆ గొంతు, గాలీ మాటా కలిసిపోయిన గొంతు. ఎవరూ, అమ్మాయా? ఇవ్వు. పిన్ని ఇవ్వనంది. ఇవ్వవే, అన్నాడు. అడుగుల చప్పుడు, గుడ్డల గరగర, ఫోను ఏదో మెత్తని దానికి ఒరుసుకున్న చప్పుడు.

"అమ్మాయ్."

"బాబాయ్."

"ఏమైనా తెలిసిందా?"

ఇటుక మీద తెల్లని రేకు ఉంది. దాని పక్కన పలక. ఫోను ఆయన చెవి దగ్గర పట్టుకున్న చెయ్యి పిన్నిదని ఆమెకి తెలుసు, పిన్ని ఊపిరి కూడా వినిపిస్తోంది.

"లేదు బాబాయ్. పలకలో లోపమేమీ లేదు."

"అనుకున్నా." చాలాసేపు ఊపిరి. "పది అనుకున్నాను. ఎనిమిదికే తిప్పేశానేమో. వయసైపోయింది కదా. నువ్వేం మనసులో పెట్టుకోకు."

"లేదు బాబాయ్."

"తడిగాలిలో కూడా చూశావుగా నువ్వు."

"చూశాను."

ఫోను పిన్ని తీసుకున్నట్టుంది. వెంటనే పెట్టేసింది.

ఆమె ఫోను బల్ల మీద పెట్టింది. రెండోసారి కూడా అంతే తేలిగ్గా వచ్చింది ఆ మాట, గొంతులో ఎక్కడా తగలకుండా. రేపు పొద్దున ముగ్గురి ముందు నిజం చెబుతుంది, వాళ్ళు రాసుకుంటారు, షెడ్డులో అందరికీ తెలుస్తుంది, పెద్దాయనకి తెలుస్తుంది, అక్కకి మిగిలిన సగం తెలుస్తుంది, అడిగిన మనిషికి తప్ప. ఆవిరి వాల్వు మూసింది. పలకనీ రేకునీ వేరే వేరే డబ్బాల్లో పెట్టింది. రిజిస్టరు తెరిచి తేదీ వేసి, తడిగాలి, వంద గంటలు అని రాసి, ఫలితం అన్న గడిలో, పూత ఊడింది, అని రాసింది. రాత ఎప్పట్లాగే గుండ్రంగా, వరసగా, ఒక్క అక్షరమైనా వణక్కుండా ఉంది. అది చూసి ఆమెకి ఏడుపొచ్చింది.